పాలమూరులో పాలు, పెంగ్విన్‌లో తెలుపు

పాలమూరుకి ఆ పేరు ఎట్లా వచ్చిందని మా దిక్కు ఎవరినడిగినా దాదాపు ఒకటే జవాబు వస్తుంది. ఒకప్పుడు ఇక్కడ పాలు, పెరుగు దండిగా ఉండేవట, అందుకని పాలమూరు. కొంచెం చదువుకున్నవాళ్లు ఇంకో మాట చేరుస్తారు: కాదు, ఇక్కడ పాల చెట్ల అడవి ఉండేది, దానివల్ల వచ్చింది. జిల్లా గురించి రాసిన పుస్తకాల్లోనూ ఈ రెండు కథలే పక్కపక్కన కనిపిస్తాయి. అయితే జనం నోట్లో గెలిచింది మొదటిదే. అది చెప్పేటప్పుడు గొంతులో ఒక గర్వం, ఆ వెంటనే ఒక నిట్టూర్పు వినిపిస్తాయి. పాలు కారిన నేల చూడండి ఎట్లా ఎండిపోయిందో, అని. అంటే ఆ పేరుని మేము పోయిన వైభవానికి సాక్షిగా నిలబెట్టుకున్నాం. ఆ సాక్షిని ఒకసారి బోనెక్కించి నాలుగు ప్రశ్నలు అడగాలని నాకు ఎప్పట్నుంచో కోరిక.

ఎట్లాంటి ప్రశ్నలు అడగాలో తెలియాలంటే ముందు ఎక్కడో చలి సముద్రాల్లో ఉండే ఒక పక్షి పేరు సంగతి చూడాలి. మాటల పుట్టుక వెతికేవాళ్లకి పెంగ్విన్ కన్నా మంచి పాఠం దొరకదు.

తెల్ల తల లేని తెల్లతల పక్షి

పెంగ్విన్ అన్నది మొదట దక్షిణ ధ్రువం దిక్కు పక్షి పేరు కాదు. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో, న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐస్‌లాండ్ దాకా, గ్రేట్ ఆక్ అనే పెద్ద పక్షి ఉండేది. రెండున్నర అడుగుల ఎత్తు, ఐదు కిలోల బరువు, నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎగరలేని చిన్న రెక్కలు. పదహారో శతాబ్దంలో చేపల వేటకు పోయిన యూరప్ నావికులు దీన్ని పెంగ్విన్ అన్నారు. 1570ల చివర్లో మెగెల్లాన్ జలసంధి దాటిన ఇంగ్లీషు నావికులకి అక్కడ ఇట్లాంటిదే ఇంకో పక్షి కనబడింది. అదీ ఎగరదు, అదీ నిటారుగా నడుస్తుంది, దానికీ నలుపూ తెలుపూ. చుట్టరికం ఏమీ లేకపోయినా పాత పేరే దీనికీ పెట్టారు.

పేరుకి అర్థం ఏమిటి? బాగా ప్రచారంలో ఉన్న మాట వెల్ష్ భాషది. పెన్ అంటే తల, గ్విన్ అంటే తెలుపు, కలిపితే తెల్లతల. చెవికి చక్కగా ఆనుతుంది. చిక్కల్లా ఆ పక్షి తల నలుపు. ముక్కుకీ కంటికీ మధ్య ఒక తెల్లటి మచ్చ మాత్రం ఉండేది. ఆ మచ్చ చూసే పెట్టారని కొందరు, అవి గుంపులుగా ఉండే కొండకొమ్ము రెట్టలతో తెల్లబడేది కాబట్టి అది మొదట ఆ చోటికి పేరని కొందరు. లాటిన్‌లో కొవ్వు పట్టినదాన్ని పింగ్విస్ అంటారు, అందులోంచి వచ్చిందని మరికొందరు. నిఘంటువులు ఈ కథలన్నీ వరసగా పెట్టి, ఏదీ తేల్చకుండా ముగిస్తాయి.

ఇక్కడిదాకా ఇది పండితుల సరదా. కానీ 1583లో జార్జ్ పెక్‌హమ్ అనే ఆయన ఈ మాటని వేరే పనికి వాడుకున్నాడు. అమెరికా నేల మీద ఇంగ్లండు రాణి ఎలిజబెత్‌కి హక్కుందని చూపించడానికి ఆయన ఒక చిన్న పుస్తకం అచ్చేశాడు. పన్నెండో శతాబ్దంలో మాడోక్ అనే వెల్ష్ రాకుమారుడు పడమటి సముద్రం దాటి వెళ్లి అక్కడ స్థిరపడ్డాడని ఒక కథ ఉంది. అక్కడి జనం నోట వెల్ష్ మాటలు వినిపిస్తున్నాయనీ, పెంగ్విన్ అట్లాంటిదేననీ ఆయన వాదన. రాణిగారి ట్యూడర్ వంశం కూడా వెల్ష్ మూలాలున్నదే. స్పెయిన్ కన్నా ముందు మావాళ్లే వెళ్లారు, కాబట్టి నేల మాది! ఒక పక్షి పేరుకి చెప్పిన అర్థం భూమి పట్టాగా మారింది.

అందుకే ఒక మాటకి ఎవరైనా పుట్టుక చెప్పినప్పుడు మూడు సంగతులు చూడాలంటాను. అక్షరాలు ఒప్పుకుంటున్నాయా? వస్తువుకి అతుకుతుందా? ఆ కథ నిజమైతే ఎవరికి లాభం?

పాలూరు ఎందుకు కాలేదు

మొదటి ప్రశ్న అక్షరాలది. పాలు అనే మాట తెలుగులో ఎప్పుడూ బహువచనమే, నీళ్లు, వడ్లు లాగా. ఇంకో మాట ముందు చేరితే పాల అవుతుంది: పాలకుండ, పాలమీగడ. ఆ లెక్కన పాలకి ఊరు చేరిస్తే పాలూరు కావాలి. పాలమూరు కావాలంటే మధ్యలో ఒక మకారం కావాలి, అంటే పాలము అనే మాట ఉండాలి. తాగే పాలు ఎప్పుడూ పాలము కాలేదు. పెన్ గ్విన్‌కి నల్లటి తల ఎట్లా అడ్డమొచ్చిందో, మన పాలకథకి ఈ మకారం అట్లా అడ్డం వస్తుంది. నిజానికి ఇది చెట్టు కథకీ చిక్కే. కాబట్టి అక్షరాల దగ్గరే ఆగిపోకుండా చుట్టుపక్కల ఊళ్లను అడగాలి.

ఊరి పేర్లు ఒంటరిగా పుట్టవు. పక్క ఊళ్లు ఏ పద్ధతిలో పేర్లు పెట్టుకున్నాయో చూస్తే ఈ ఊరి సంగతి కొంత తెలుస్తుంది. పాలమూరు, నల్లగొండ పాత జిల్లాల పటం ముందు పెట్టుకుని చదవండి. చింతపల్లి, మర్రిగూడ, వేములపల్లి, నేరేడుగొమ్ము, నేరేడుచర్ల, మద్దూరు. చింత, మర్రి, వేము, నేరేడు, మద్ది. చెట్టు కాకపోతే గుట్ట, గుట్ట కాకపోతే కుంట, చెరువు. పేర్లు పెట్టినవాళ్లు కంటికి కనిపించేదాన్ని, దూరం నుంచి గుర్తుపట్టేదాన్ని పట్టుకున్నారు. ఊళ్లో ఏది దండిగా దొరుకుతుందో దాన్నిబట్టి పెట్టిన పేర్లు చాలా తక్కువ. హైదరాబాదు నుంచి పాలమూరు పోయే దారిలో శంషాబాద్ దాటాక పాలమాకుల అని ఒక ఊరు వస్తుంది. మాకు అంటే మ్రాకు, చెట్టు. పాల చెట్లున్న ఊరు. ఆ దారిలోనే ఇంకా ముందుకు పోతే వచ్చే ఊరి పేరులో పాల అని వినబడితే, బర్రెల కన్నా ముందు నాకు చెట్టే గుర్తుకొస్తుంది.

పాల చెట్టు ఈ ఎర్ర నేలల్లో, రాళ్లగుట్టల్లో పెరిగే మొండి చెట్టు. చిన్న పసుపు పండ్లు కాస్తుంది. వేసవిలో పాలపండ్లు అని గంపల్లో అమ్మేది ఆ పండ్లనే. కొమ్మ గిల్లితే తెల్లగా పాలు కారతాయి, అందుకే ఆ పేరు. హిందీలో ఖిర్నీ అంటారు, అదీ సంస్కృతంలో పాలకున్న క్షీరం అనే మాటలోంచి వచ్చిందే. తమిళంలో పాలు పాల్, కన్నడంలో హాలు. మాట ఒక్కటే, కొన్నిచోట్ల అది గిన్నెలో ఉంటుంది, కొన్నిచోట్ల కొమ్మలో. అంటే పాలమూరు పేరులో పాలు ఉన్నాయి. కానీ అవి బర్రె పొదుగులోవి కావు, ఎండకు నిలిచే చెట్టువి.

పక్క జిల్లా పేరు కూడా ఇట్లాంటి విచారణకి నిలబెట్టదగినదే. నల్లగొండ అసలు పేరు నీలగిరి అనీ, బహమనీ రాజ్యం స్థాపించిన అల్లావుద్దీన్ బహమన్ షా గెలిచాక దాన్ని నల్లగొండగా మార్చారనీ చెప్తారు. నాకు ఇది నమ్మబుద్ధి కాదు. పారసీ మాట్లాడే సుల్తాను సంస్కృతం పేరు తీసేసి అచ్చ తెలుగు పేరు పెట్టడమేమిటి? జనం నల్ల కొండ అని పిలుచుకునేదాన్ని పండితులు నీలగిరి అని సంస్కరించుకోవడమే మన దగ్గర ఎక్కువగా జరిగే పని. సంస్కృతంలో నీలం నలుపుని కూడా చెప్తుంది. ఊరికి ఇటు కాపురాలగుట్ట, అటు లతీఫ్ సాహెబ్ గుట్ట. అక్కడ కొండ చూపించడానికి ఎవరికీ రాజుగారి ఫర్మానా అక్కర్లేదు.

ఫర్మానాతో వచ్చిన పేరు కావాలంటే మహబూబ్‌నగర్ ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరున 1890 డిసెంబరు 4న అట్లా మార్చారు. అంతకుముందు రుక్మమ్మపేట అని కూడా అనేవారు. నూట ముప్పయ్యేళ్లు దాటినా కాగితం మీద మహబూబ్‌నగర్, నోట్లో పాలమూరు. తర్వాత కాగితం కూడా కొంత దిగివచ్చింది. 2008లో పెట్టిన విశ్వవిద్యాలయానికి పాలమూరు పేరే పెట్టారు, ఎత్తిపోతల పథకానికీ అదే.

పాలకథ ఎవరికి పనికొస్తుంది

ఇక మూడో ప్రశ్న. పాలూ పెరుగూ కథ ఇంత తియ్యగా ఎందుకుంది? ఎందుకంటే అది బీదరికానికి ఒక పాత సంపదని తోడిస్తుంది. మేము మొదట్నుంచీ ఇట్లా లేము అని చెప్పుకునే వీలిస్తుంది. అందులో ఆత్మగౌరవం ఉంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ దానివల్ల ఒక నష్టం కూడా ఉంది. సంపద దానంతటదే వచ్చిందనీ, దానంతటదే పోయిందనీ ఆ కథ చెప్తుంది. మధ్యలో మనుషులు చేసిన పని కనబడదు.

ఈ నేల ఎప్పుడూ మెట్టనేలే. కృష్ణ ఒరుసుకుంటూ పోతుంది కానీ ఎత్తు మీదకి రాదు. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో ఈ రెండు జిల్లాలని ఏలిన కందూరు చోడులకి ఆ సంగతి బాగా తెలుసు. వాళ్లు ఏలిన పానుగల్లు ఇప్పుడు నల్లగొండ పట్టణం అంచున ఉంది. అక్కడి పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం చూడటానికి జనం పోతారు. గుడి చూసి తిరిగొచ్చేవాళ్లు పక్కనున్న ఉదయసముద్రాన్ని కూడా ఒక నిమిషం చూడాలి. చెరువుకి సముద్రం అని పేరు పెట్టుకున్నారంటే, అది అతిశయోక్తి మాత్రమే కాదు, మెట్టప్రాంతం వాళ్ల ఆశ కూడా. పాలు, పెరుగు ఎప్పుడైనా ఇక్కడ దండిగా ఉన్నాయంటే అవి ఇట్లాంటి కట్టల వెనక నిలిచిన నీళ్లవల్లే ఉండాలి. కట్ట ఊరికే లేవదు. ఎవరో మన్ను తవ్వాలి, తట్టలకెత్తాలి, మొయ్యాలి.

మన్ను తవ్వడం అన్నాక ఇంకో పాలమూరు గురించి చెప్పాలి. దేశంలో చాలాచోట్ల, డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టిన చోట, పాలమూరు అంటే ఊరు కాదు, ఒక రకం కూలీ. పాలమూరు లేబర్. నాగార్జునసాగర్ మొదలుకుని పెద్దపెద్ద ప్రాజెక్టుల మట్టిపని, రాతిపని వీళ్లతో జరిగింది. పద్ధతి అందరికీ తెలిసిందే. ఊళ్లో గుంపు మేస్త్రి ఉంటాడు. పని లేని రోజుల్లో, పెండ్లికో రోగానికో అప్పు కావలసిన రోజుల్లో, అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సుకి ఆలూమగలిద్దరూ కట్టుబడి నెలల తరబడి పోవాలి. చంటిపిల్లలు వెంట పోతారు, ముసలివాళ్లు ఇంటికి కాపలా ఉంటారు. లెక్క మేస్త్రి దగ్గర ఉంటుంది కాబట్టి అప్పు తీరిందో లేదో అతను చెప్పిందే మాట.

మా ఊళ్లో పెద్దవాళ్లు ఆ రోజుల గురించి మాట్లాడుతుంటే నేను చాలాసార్లు విన్నాను. "డ్యాం పనికి పోయినం బిడ్డా" అనేవారు. ఏ డ్యామని అడిగితే తొందరగా చెప్పలేకపోయేవారు. ఏ మేస్త్రితో పోయారో, దారిలో ఎన్ని బండ్లు మారారో, ఎవరి బిడ్డ అక్కడ పుట్టిందో, ఎవరు తిరిగి రాలేదో మాత్రం పేర్లతో సహా చెప్పేవారు. తాము కట్టినదాని పేరు వాళ్లకి గుర్తులేదు. కట్టించినవాళ్లకి వీళ్ల పేర్లు గుర్తులేవు. రెండువైపులా మిగిలింది ఒక్కటే మాట, పాలమూరు. తర్వాతి కాలంలో బొంబాయి బస్సులు వచ్చాయి, మట్టిపని పోయి మేడల పని వచ్చింది. మాట మాత్రం అదే.

చెరువు తవ్వుకుని బతికిన నేల మనుషులు ఇతరుల నేలలకి నీళ్లు మళ్లించడానికి పోవడం, వాళ్ల నేల ఎండి ఉండటం. ఈ పేరుకి అసలు చరిత్ర ఇది. పాలకథ దీన్ని కప్పేస్తుంది.

నల్లగొండ పేరు ఇంకో దారిన ప్రపంచం తిరిగింది. అక్కడి కొండరాయిలోంచి భూగర్భజలాల్లోకి ఫ్లోరైడ్ దిగింది. మర్రిగూడ, మునుగోడు దిక్కున ఎముకలు వంగిన మనుషులు ఊరూరా కనిపించారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారుచేసి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఇథియోపియాలో, టాంజానియాలో నీటి ఇంజనీర్లకి నల్గొండ అంటే ఆ పద్ధతే. కొండ చూసి పెట్టిన పేరు, ఆ కొండ నీళ్లలో కలిపిన విషానికి విరుగుడైంది. నల్ల, కొండ అని సంధి విడగొడితే ఈ అర్థం రాదు.

పాలై

తమిళ సంగం కవిత్వం చదివినవాళ్లకి ఈపాటికి ఒక మాట నాలుక మీదకి వచ్చి ఉంటుంది. ఆ కవులు నేలని ఐదు తిణైలుగా విభజించారు. కొండకి కురింజి, అడవికి ముల్లై, పొలాలకి మరుదం, సముద్రతీరానికి నెయ్‌దల్, ఐదోది పాలై. అన్నిటికీ అక్కడి పూవో చెట్టో పేరు. పాలై కూడా ఎండకి తట్టుకునే, పాలు కారే చెట్టే. ఆ తిణైకి కాలం వేసవి, వేళ మిట్టమధ్యాహ్నం, భావం ఎడబాటు. సంపాదన కోసం మగవాడు ఎండిన దారుల్లో ఊరు విడిచిపోతాడు, ఆమె ఇంటి దగ్గర ఎదురుచూస్తుంది. పాలై అనే నేల విడిగా లేదని, ముల్లై, కురింజి నేలలే వానలు లేక మాడిపోతే పాలై అవుతాయని శిలప్పదికారం చెప్తుంది.

పాలమూరు వలస గురించి తెలిసినవాడికి ఇది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. పాలమూరు పాలై ఊరే అని రాసేయాలనిపిస్తుంది. కానీ పెక్‌హమ్ చేసింది సరిగ్గా ఇదే. రెండు మాటలు ఒకేలా వినబడ్డాయి, మనసుకి కావలసిన కథ దొరికింది, సముద్రం దాటేశాడు. చెట్టు పేరు రెండు భాషల్లో ఒకే మూలం నుంచి వచ్చిందనడం వరకు సరే. తమిళ కావ్యశాస్త్రంలోని తిణై వచ్చి మా ఊరికి పేరు పెట్టిందనడం వేరే సంగతి. అది వ్యుత్పత్తి కాదు, పోలిక. పోలికకి ఉండే బలం చాలు. ఆ కవులకి ఎడబాటు ఒక ఋతువు, వానలొస్తే పోయినవాడు తిరిగొస్తాడు. మేస్త్రి లెక్కకి ఋతువు లేదు.

పేరు మిగిలి పక్షి పోతే

పాల అన్న మాట ఇంకోచోట కూడా మా బతుకులో ఉంది. అది పాలపిట్ట. దసరా నాడు జమ్మి దగ్గరికి పోయి, బంగారం పంచుకుని, పాలపిట్టని చూసి ఇంటికి రావడం తెలంగాణలో ఆనవాయితీ. దున్నిన చేలల్లో పురుగులేరుకుంటూ, కరెంటు తీగల మీద కూర్చుంటుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగు, లేచిందంటే రెక్కల్లో నీలం. ఆ పిట్టలో పాలెక్కడివి? రాలిన దాని ఈకలు గడ్డిలో కలిపి పెడితే ఆవు ఎక్కువ పాలిస్తుందని పాతకాలం నమ్మకం, అందుకని ఆ పేరు అంటారు. హిందీవాళ్లు నీలకంఠ్ అంటారు. తీరా చూస్తే దాని కంఠం నీలం కాదు, లేత గోధుమ చాయ. తెల్లతల పక్షికి నల్లతల ఉన్నట్టే.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పాలపిట్టని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఉమ్మడి రాష్ట్రానికీ అదే ఉండేది. కర్ణాటక, ఒడిశాలకీ అదే. ఇన్ని రాష్ట్రాల గుర్తు అయిన పక్షి తగ్గిపోతోందని 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక చెప్పింది, దాని పరిస్థితిని మళ్లీ అంచనా వెయ్యమని సిఫారసు చేసింది. దసరా వచ్చిందంటే దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని దర్శనం చేయించేవాళ్లున్నారు. చట్టం ఒప్పుకోదు, కానీ కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి అమ్మేవాళ్లున్నారు. పిట్ట చేలల్లో కనబడటం లేదు కాబట్టే పంజరంలో చూపించాల్సి వస్తోందని ఎవరికీ తట్టదు.

మొదటి పెంగ్విన్‌కి ఏమైంది? మాంసానికి, నూనెకి, పరుపుల్లో కూరే ఈకలకి నావికులు వాటిని వేలకు వేలు చంపారు. ఎగరలేవు, పరుగెత్తలేవు, మనిషిని చూసి భయపడటమూ అంతగా తెలియదు. 1844 జూన్‌లో ఐస్‌లాండ్ దగ్గర ఎల్డే అనే రాతిదిబ్బ మీద గుడ్డు పొదుగుతున్న ఒక జంటని ముగ్గురు మనుషులు పట్టి చంపారు. గుడ్డు బూటుకింద చితికిపోయింది. ఆ జంటతో ఆ జాతి అయిపోయినట్టే లెక్క. పేరు మాత్రం దక్షిణానికి పోయి సుఖంగా బతుకుతోంది. ఒక్క ఫ్రెంచివాళ్లు పాత లెక్క మరవలేదు. వాళ్లు పింగ్వాఁ అని ఉత్తరాది ఆక్ జాతి పక్షుల్నే అంటారు, దక్షిణం పక్షిని మాంషో అంటారు.

మాట బతికి వస్తువు పోవడం మా దిక్కు కూడా మొదలైంది. పాలమూరు పేరు విశ్వవిద్యాలయం బోర్డు మీద, పథకాల శిలాఫలకాల మీద ఉంది. పాల చెట్టు చూపించి ఇదేంటిరా అని అడిగితే చెప్పగలిగే పిల్లలు మా ఊళ్లో ఎందరుంటారో మరి. పెద్ద ఊళ్ల పేర్లకి చరిత్ర రాయడానికి ఎవరో ఒకరుంటారు. చిన్న కుంటలకి, గుట్టలకి, చేలకి, వాగు మలుపులకి ఉన్న పేర్లు ఇంకా ముసలివాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. వాటిలో ఏ చెట్టు ఉందో, ఎవరు తవ్విన కుంటో, ఏ ఏడు వలసపోయినవాళ్ల చేనో వాళ్లకి తెలుసు. ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుపోయి వాటిని రాసుకోండి. అర్థాలు తర్వాత వెతుక్కోవచ్చు. ముందు పేరు, దానితోపాటు ఆ పేరున్నది ఏదో అది ఎక్కడుందో రాసిపెట్టుకుంటే చాలు.